ఏటి ఎడమ, ఒంటి ఎడమ

మా ఊళ్ళో డ్రైవింగ్ నేర్పడమంత దిక్కుమాలిన పని ఇంకోటి లేదు. దిక్కుమాలిన అన్న మాట నేను తిట్టు కింద వాడటం లేదు. తిట్టాలంటే నా దగ్గర ఇంతకన్నా మంచివి చాలా ఉన్నాయి. ఇది నిజంగానే దిక్కుల గొడవ.

మాది ఏటి ఒడ్డు రేవు పట్నం. ఒకప్పుడు సముద్రం నించి ఓడలు ఏటికి ఎదురెక్కి ఇక్కడిదాకా వచ్చేవి. వాటిని రేవుకి చేర్చే సరంగులదే అప్పట్లో ఇక్కడ రాజ్యం. ఓడ మీద ఎవడు ఎటు తిరిగి నిలబడ్డాడో ఎవడికి తెలుసు? ఎడమకి తిప్పరా అంటే ఒకడు ఇటు, ఒకడు అటు తిప్పితే ఓడ పోయి గట్టుకి కొట్టుకుంటుంది. అందుకని వాళ్ళు ఒక లెక్క పెట్టుకున్నారు. ఏటితో పాటు సముద్రంకేసి చూస్తే ఎడం పక్కన వచ్చేది ఎడమ గట్టు, రెండోది కుడి గట్టు. ఇక మనిషి ఎటు తిరిగినా సరే, ఎడమ గట్టున్న వైపు ఎడమ, కుడి గట్టున్న వైపు కుడి. నీళ్ళు వచ్చే వైపు ఎగువ, పోయే వైపు దిగువ. అంతే. 'నువ్వు తిరుగుతావు, గట్టు తిరుగుతుందా?' అనేది మా ఊరి సామెత.

ఓడలు పోయాయి, సరంగులు పోయారు. ఆ ఎడమ మాత్రం ఊరికి అంటుకుపోయింది. రాతి వంతెన కట్టినా, ఇనప వంతెన కట్టినా, పడవలొస్తే మధ్యలో పైకి లేచే వంతెన కట్టినా అది మాత్రం వదల్లేదు. మా ఇళ్ళల్లో "ఆ ఎగువ గ్లాసు ఇలా అందుకో" అంటాం. మంగలి "తల కాస్త దిగువకి వంచండి" అంటాడు. డాక్టరు ఏ భుజం నొప్పి అని అడిగితే "ఇప్పుడు ఎగువ భుజమండీ, ఇంట్లో పడుకున్నప్పుడు కుడి భుజం" అని చెబుతాం. ఆయన తల ఊపుతాడు కూడా. బళ్ళో కసరత్తు మేష్టారు "ఎడమకి తిరుగు!" అంటే పిల్లలంతా ఠపీమని ఎడమ గట్టుకేసి తిరుగుతారు. మళ్ళీ "ఎడమకి తిరుగు!" అంటే ఒక్కడు కదలడు. తిరిగే ఉన్నాం కదా సార్ అంటారు.

మరి ఒంటికున్న చేతుల్ని ఏమంటారు అని అడగొచ్చు. తినే చెయ్యి, రెండో చెయ్యి. అది చాలు.

నా డ్రైవింగ్ స్కూలు లంగరు కూడలి దగ్గర. కూడలి మధ్యలో తుప్పు పట్టిన పెద్ద లంగరొకటి ఉంటుంది. అక్కణ్ణించి తాళ్ళ వీధి మొదలవుతుంది. ఓడల తాళ్ళు పేనడానికి వేసిన వీధి కాబట్టి గీత గీసినట్టు తిన్నగా, చాలా పొడుగ్గా పోతుంది. కొత్తవాళ్ళకి స్టీరింగ్ నేర్పడానికి అంతకన్నా మంచి రోడ్డు లేదు. లైసెన్సు పరీక్షలు పెట్టే పాత బ్రేకు ఇన్‌స్పెక్టరు మా ఊరివాడే. ఆయనకి ఎడమంటే ఎడమే. నా దగ్గర నేర్చుకున్నవాళ్ళు వరసబెట్టి పాసయ్యేవాళ్ళు, నేను కాలు మీద కాలేసుకు కూచునేదాన్ని.

ఆయన రిటైరయ్యాడు, కొత్తాయన వచ్చాడు. ఏరు కాదు కదా, సరైన మురిక్కాలవ కూడా లేని మెట్ట ఊరి నించి వచ్చాడు. బస్సు దిగి ఆఫీసెక్కడని అడిగితే ఎవరో "తాళ్ళ వీధి పట్టుకుపోయి ఎడమకి తిరగండి" అని చెప్పారు. ఆయన తన ఎడమకి తిరిగి తిన్నగా చేపల వేలం పాకలోకి వెళ్ళాడు. అక్కడ దారి అడుగుదామని చెయ్యెత్తాడు. వేలం వేసేవాడు బుట్ట ఆయన పేరు మీద కొట్టేశాడు. ఉద్యోగంలో చేరడానికి బుట్టెడు చేపలతో వచ్చిన అధికారిని నేను ఇంకెక్కడా చూడలేదు.

ఆ కోపమో ఏమో, ఆ నెల్లో పరీక్షకెళ్ళినవాళ్ళు వెళ్ళినట్టే తప్పి వచ్చారు. "ఎడమ అంటే మీ ఎడమ! మీ ఒంటి ఎడమ!" అని ఆయన కారులోంచి అరుస్తుంటే లంగరు కూడలి దాకా వినబడేది. ఒంటి ఎడమ అన్న మాట మా ఊళ్ళో అలా పుట్టింది. నేను ఊరుకునే రకం కాదు కాబట్టి పోట్లాటకి వెళ్ళాను.

"రోడ్డు రూళ్ళు ఏటిని చూసి రాయలేదమ్మా" అన్నాడాయన.

"ఊరు ఏటిని చూసే కట్టారండీ" అన్నాను.

"అయితే ఏట్లోనే నడుపుకోండి బళ్ళు" అన్నాడు.

దానికి జవాబులు నాకు ఇంటికొచ్చాక చాలా తోచాయి.

ఇక్కడే మా మేనత్త కథ మొదలవుతుంది. అత్తా మావయ్యా రొట్టెల బండి మనుషులు. తెల్లారేసరికి బేకరీవాళ్ళ మోటారు బండి నింపుకుని రెండు గట్ల మీదున్న కొట్లన్నిటికీ రొట్టెలు వేసి రావడం వాళ్ళ పని. మావయ్య నడిపేవాడు, అత్త పక్కన కూచుని దారి చెప్పేది. ఆయనకి దారి తెలీక కాదు. ఆవిడ చెప్పకపోతే ఆయనకి తోచదు, ఆయన వినకపోతే ఆవిడకి తోచదు. "లంగరు దగ్గర ఎడమకి. ఇక ఎగువకి పోనీ. గుంటొస్తోంది, దిగువకి తప్పించు. ఆ, వంతెన మీద నిదానం" అంటూ పెళ్ళయిన కొత్తలో మొదలెట్టిన పాట ఇంకా అవలేదు. మిగతా మొగుడూపెళ్ళాలు ఇంట్లో మాట్లాడుకునేదంతా వీళ్ళు బండిలో మాట్లాడుకునేవాళ్ళు.

మావయ్యకి కళ్ళు మసకలు కమ్మాయి. ఆపరేషన్ చేశారు, సగమే నయమైంది. లైసెన్సు మళ్ళీ రాయించుకోవడానికి వెళితే కొత్త ఇన్‌స్పెక్టరు గోడ మీది బోర్డు చూపించి అక్షరాలు చదవమన్నాడు. మావయ్య "ఏ బోర్డు?" అన్నాడు. "గోడ మీది బోర్డండీ." "ఏ గోడ?" అన్నాడు మావయ్య. లైసెన్సు అక్కడితో సరి.

బేకరీ షావుకారు మంచివాడే కానీ ఆయనకో బావమరిది ఉన్నాడు. పనీ పాటా లేని బావమరిది, పైగా లైసెన్సున్న బావమరిది. "మూణ్ణెల్లలోగా మీ ఇంట్లో ఎవరో ఒకరు లైసెన్సు తెండి. లేదంటే బండి మావాడికి ఇచ్చెయ్యాలి, ఇంట్లో నా బాధ మీకు తెలీదు" అన్నాడు షావుకారు.

అత్త నా దగ్గరికొచ్చింది. "ఇన్నేళ్ళూ నోటితో నడిపాను. ఇక చేతుల్తో నడుపుతాను. నేర్పవే" అంది.

చెప్పకూడదు కానీ, నా దగ్గర అంత చక్కగా స్టీరింగ్ పట్టుకున్నవాళ్ళు లేరు. గేరు మారిస్తే తెలిసేది కాదు. ఉప్పు కొట్ల సందులో, రెండు గోడల మధ్య చెయ్యి పట్టనంత చోట్లోంచి, గీత పడకుండా కారు తీసేది. తంటా అంతా ఎడమతోనే.

మొదటిసారి పరీక్షలో నేను వెనక సీట్లో ఉన్నాను. కారు రాతి వంతెన దిగి ఎడమ గట్టు మీదికొస్తోంది.

"ఎడమకి తిప్పండి" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

అత్త తిన్నగా పోనిచ్చింది.

"ఎడమకి!"

"ఎడమకే పోతున్నాం సార్."

"ఎడమకమ్మా, ఎడమకి!"

"ఇంకా ఎడమకంటే ఊరు దాటిపోతాం సార్" అంది అత్త పాపం, ఆయనకేదో దూరప్రయాణం పని పడిందనుకుని.

రెండోసారి కూడా ఇంతే. కాకపోతే ఆ పూట ఊరు నిజంగానే దాటాం. మూడోసారి తప్పితే ఏడాది దాకా మళ్ళీ పరీక్షకి రాకూడదని రూలు. ఏడాదంటే బండి బావమరిది చేతికి పోయినట్టే. మూడో పరీక్ష షావుకారు గడువు చివరి వారానికి పడింది.

ఇక నేను నడుం బిగించి పరీక్షదాకా వాళ్ళింట్లోనే మకాం పెట్టాను. ముందు అత్త ఒంటి ఎడమ చేతికి ఎర్ర రిబ్బను కట్టి "ఎడమంటే రిబ్బను" అన్నాను. అత్త రిబ్బనుకేసి చూస్తూ నడిపి పాలబండిని గుద్దబోయింది. తర్వాత "తినే చెయ్యి కుడి, రెండోది ఎడమ, ఇంతేనే అత్తా" అన్నాను. రోజంతా ఒక్కటీ సరిగ్గా తిప్పలేదు. సాయంత్రం ఆవిడ అన్నం తింటుంటే అప్పుడు వెలిగింది నాకు. ఆవిడది పుర్రచేతి వాటం. నా తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది, ఎగువ గోడకి.

"నాకో సంగతి చెప్పు" అంది అత్త. "నేను గిర్రున వెనక్కి తిరిగితే నా ఎడమ కూడా నాతో పాటు తిరుగుతుందా?"

"తిరుగుతుంది."

"అలా నా వెనకాలే తిరిగితే అది ఎడమెలా అవుతుందే? తోకవుతుంది కానీ!"

చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది నా పని. కానీ నేనూ మొండిదాన్నే. ఇంట్లో, వీధిలో, వంటింట్లో, ఎక్కడున్నా ఒంటి ఎడమే మాట్లాడాలని షరతు పెట్టాను. ఉప్పు డబ్బా ఎక్కడుందంటే "నీ కుడి పక్క" అనాలి. "దిగువ" అంటే నేను వినబడనట్టు ఊరుకునేదాన్ని. పాపం ఆవిడ అన్నం తింటూ కలవరించేది, నిద్దట్లో కలవరించేది. మెల్లిగా పట్టుబడింది. తప్పులు తగ్గాయి. ఆఖరికి కారులో నేను కళ్ళు మూసుకుని ఎడమ అన్నా, కుడి అన్నా ఒంటి లెక్కనే తిప్పడం మొదలెట్టింది. నా అంత గొప్ప గురువు భూమ్మీద లేదనుకున్నాను.

కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, అదీ మా సంగతి.

మోటారు బండి షావుకారు పాకలో పడి ఉన్నా, దగ్గరి కొట్లు చెయ్యి జారిపోకుండా అత్తా మావయ్యా తోపుడు బండి మీద రొట్టెలు వేసేవాళ్ళు. మావయ్య తోసేవాడు, అత్త పక్కన నడుస్తూ దారి చెప్పేది. ఒక పొద్దున ఎడమ గట్టు రోడ్డు మీద ఎగువకి పోతున్నారు. కుడి చేతి వైపు కొట్లు, ఎడమ చేతి వైపు రేవు మెట్లు, మెట్ల కింద ఏరు. ఉప్పు కొట్ల సందు వచ్చింది. నేను పెట్టిన షరతు అత్త నరనరాల్లోకి దిగిపోయి ఉంది.

"కుడికి తిప్పవయ్యా" అంది.

మావయ్యకి ఒంటి కుడి ఏం తెలుసు? ఏటి లెక్కన కుడంటే ఎదుటి గట్టు. ఎదుటి గట్టుకీ ఆయనకీ మధ్యలో ఉన్నది ఏరు. పెళ్ళాం మాట మీద ఆయనకెంత నమ్మకమంటే, బండి తిప్పి మెట్ల మీద ధన్ ధన్ ధన్‌మని దింపుకుంటూ పోయాడు. అత్త నోరు తెరిచేలోగా బండి నీళ్ళలో ఉంది. రొట్టెలన్నీ పైకి తేలి వరసగా సముద్రం కేసి బయల్దేరాయి. బాతులు ఎక్కడెక్కడివో వచ్చేశాయి. మావయ్య మోకాలి లోతు నీళ్ళలో, బండి వదలకుండా నిలబడి, గట్టుకేసి తిరిగి అడిగాడు.

"ఇంకా కుడికా?"

రేవులో ఉన్నవాళ్ళంతా పడీపడీ నవ్వారు. నేనూ నవ్వేదాన్నే, కానీ ఇంటికొచ్చాక మావయ్య అన్న మాట విని నవ్వలేకపోయాను. తడిసిన పంచె పిండుకుంటూ, అత్తకేసి చూడకుండా అన్నాడు.

"కళ్ళు పోయినందుకు నేను ఏడవలేదే. నీ నోరుంది కదా అనుకున్నాను. ఇప్పుడు నీ మాట కూడా నాకు కనబడకుండా పోయింది."

"పొరపాటున వచ్చిందయ్యా" అంది అత్త.

"పొరపాటు కాదు. నువ్వు మారావు. ఇన్నేళ్ళ కాపురానికి నీ ఎడమ వేరు, నా ఎడమ వేరు అయింది. నువ్వు పాసైతే బండి నడుపుకో. నేను ఎక్కను. ఎక్కి ఏం చెయ్యను, నువ్వేమంటున్నావో తెలీకుండా?"

ఆ రోజు నించి ఆయన అత్తతో మాట్లాడటం మానేశాడు. కావలసినవి నాకు చెప్పేవాడు, పక్కనే అత్త ఉన్నా. "మీ అత్తని ఆ దిగువ కుర్చీ ఇలా జరపమను. దిగువంటే ఏమిటో ఆవిడకింకా గుర్తుంటే" అనేవాడు. ఎత్తిపొడుపు కూడా దిక్కులతోనే.

అత్త నా దగ్గర కూచుని ముక్కు చీదింది. "నాకీ లైసెన్సు వద్దే. ఈయన లేని బండి నాకెందుకు? ఎవరికి చెప్పను గుంటొస్తోందని?"

నాకు ఒళ్ళు మండింది. "నువ్వెళ్ళకపోతే బండి బావమరిదికి పోతుంది. అప్పుడు ఇద్దరూ ఇంట్లో కూచుని మూతులు ముడుచుకోండి. వెళ్ళి పాసవ్వు, బండుంటే కదా ఆయన ఎక్కనని అలగడానికి!" అన్నాను. నా నోట్లోంచి వచ్చినా అది కాస్త న్యాయంగానే ఉందనిపించింది. అత్త కళ్ళు తుడుచుకుని లేచింది.

మూడో పరీక్ష. నేను వెనక సీటు. ఇన్‌స్పెక్టరు వచ్చి ముందు సీట్లో కూచున్నాడు. ఆయన వచ్చి అప్పటికి ఏడాది కావస్తోంది. మంగలి కొట్టు మీది వాటాలో అద్దెకుంటున్నాడు. మనిషి కాస్త ఒళ్ళు చేశాడు, మునుపటి చిరాకు లేదు. "అద్దం కొంచెం ఎగువకి తిప్పుకోండమ్మా" అన్నాడు. పైకి తిప్పమంటున్నాడనుకుని నేను పట్టించుకోలేదు. అక్కడే పట్టించుకోవాల్సింది.

బయల్దేరాం. ఎడమ గట్టు రోడ్డు మీద దిగువకి పోయినంతసేపూ నల్లేరు మీద బండిలా సాగింది. దిగువకి పోతుంటే ఏటి ఎడమా ఒంటి ఎడమా ఒకటే కదా. ఆయన ఎడమ అన్నప్పుడల్లా అత్త ఎడమకి తిప్పింది, కుడి అంటే కుడికి. ఆయన తృప్తిగా తలాడించాడు. నేను వెనక కూచుని బేకరీ షావుకారుకి చెప్పబోయే మాటలు కూడా సిద్ధం చేసుకున్నాను.

తిరిగి ఎగువకి మళ్ళాం. ఇప్పుడు ఎడమ చేతి పక్కన ఏరు, కుడి చేతి పక్కన ఉప్పు కొట్ల సందు. లేచే వంతెన కూడా అక్కడే మొదలవుతుంది.

"ఎడమకి తిప్పండి" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

అత్త తొణక్కుండా బెణక్కుండా తన ఒంటి ఎడమకి తిప్పింది. కారు వంతెనెక్కింది. శభాష్ అనుకున్నాను నేను.

"అయ్యో! ఎడమకి అన్నాను కదమ్మా!" అన్నాడాయన.

"ఎడమకే తిప్పాను సార్."

"ఇదా ఎడమ? కుడి గట్టుకి తీసుకుపోతూ ఎడమంటారేంటి? ఉప్పు కొట్ల సందులోకి తిప్పమంటే!"

ముందు సీట్లోంచి వస్తున్నది ఏటి ఎడమ. ఏడాది పాటు మంగలి దగ్గర తల దిగువకి వంచీ వంచీ, హోటల్లో ఎగువ బల్ల దగ్గర కూచునీ కూచునీ, ఈ మానవుడు మా ఊరివాడైపోయాడు. అత్తేమో ఆయన ఊరిదైపోయింది.

ఇంతలో వంతెన గంట మోగింది. ఏదో పెద్ద పడవ వస్తోంది. గంట మనిషి మా ముందు అడ్డకర్ర దించేశాడు. వెనక లారీ, దాని వెనక ఇంకో లారీ, కదలడానికి లేదు. వంతెన మధ్య ముక్క మెల్లిగా పైకి లేవడం మొదలెట్టింది.

"వెనక్కి, వెనక్కి! ఎడమకి పోనివ్వండి!" అని కంగారుపడ్డాడు ఇన్‌స్పెక్టరు, ఎడమ గట్టు మీదికి పొమ్మని ఆయన ఉద్దేశం.

అత్త తన ఎడమకేసి చూసింది. అక్కడ వంతెన కమ్మీ, కమ్మీ అవతల నీళ్ళు ఉన్నాయి.

"ఎడమకంటే ఏట్లో పడతాం సార్!"

"ఎందుకు పడతాం? ఎడమంటే గట్టు!"

"ఎడమంటే ఇది!" అని అత్త తన రెండో చెయ్యి ఎత్తి ఆయన ముక్కు మీద ఆడించింది. కాదు, ఆవిడకది తినే చెయ్యి. ఏదో ఒక చెయ్యి.

గొడవ విని గంట మనిషి వచ్చాడు, వెనక లారీవాడు దిగొచ్చాడు. విషయం కనుక్కున్నారు. "ఆయన చెప్పింది నిజమే కదమ్మా" అన్నాడు గంట మనిషి. "ఎడమంటే ఆ గట్టే. ఊళ్ళో పుట్టి పెరిగి ఎడమేదో తెలీకపోతే ఎలా?"

"ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెదొక దారి" అన్నాడు లారీవాడు. "ఇలాంటివాళ్ళకి లైసెన్సు ఇవ్వకండి సార్. మీరు కరెక్టు."

నేను కారులోంచి దూకి లారీవాడి మీద పడబోతుండగా ఇన్‌స్పెక్టరు మొహం చూసి ఆగిపోయాను. ఆయన మొహం పాలిపోయి ఉంది. ఈ ఊరొచ్చిన దగ్గర్నించీ 'మీరు కరెక్టు' అన్నవాడు ఒక్కడూ లేడు. ఇప్పుడు జనమంతా ఆయన పక్షానే ఉన్నారు. ఎందుకున్నారో ఆయనకి అప్పుడు వెలిగింది.

"అమ్మా" అన్నాడు నెమ్మదిగా. "మీరు ఏ ఎడమకి తిప్పారు?"

"మీ ఎడమకే సార్. మొదట్లో అరిచి అరిచి చెప్పారే, ఆ ఎడమ. ఎంత కష్టపడి నేర్చుకున్నానో మీకేం తెలుసు? దానికోసం మా ఆయన నాతో మాట్లాడటం మానేశాడు" అంటూ అత్త స్టీరింగ్ మీద తల పెట్టుకుని బావురుమంది. తల హారను మీద పడి అది కూడా బావురుమంది.

ఇన్‌స్పెక్టరు జేబురుమాలు తీసి అత్తకిచ్చాడు.

"పోయినవారం మా ఊరెళ్ళాను" అన్నాడు. "నీళ్ళ చెంబు కాస్త ఎగువకి జరపమని మా అమ్మతో అన్నాను. మా ఊళ్ళో ఏరే లేదు. మా అమ్మ చెంబు అలమార మీద పెట్టింది. నాకు అందలేదు. అప్పుడైనా అర్థం కాలేదు నాకు."

పడవ పోయింది, వంతెన దిగింది, అడ్డకర్ర లేచింది. ఆయన గొంతు సవరించుకున్నాడు.

"రూలు ప్రకారం ఇవాళ ఈ కారులో ఎడమ తెలిసినది మీకొక్కరికే. మీరు పాసు. నన్ను ఆఫీసుకి తీసుకెళ్ళండి. దారి నేను చెప్పను, నా నోటి మీద నాకు నమ్మకం పోయింది."

అత్త ఏడుస్తూనే ఎంత చక్కగా నడిపిందో! నేనూ ఏడ్చాను. లారీవాడు మాత్రం ఇదంతా లంచమని ఊరంతా చెప్పుకున్నాడు. వాడి సంగతి తర్వాత చూస్తాను.

మర్నాడు తెల్లారగానే బేకరీ దగ్గరికెళ్ళాం. షావుకారు తాళాలిచ్చాడు, బావమరిది మొహం మాడ్చుకున్నాడు. అత్త స్టీరింగ్ ముందు కూచుంది, నేను వెనక రొట్టెల ట్రేల మధ్య ఇరుక్కున్నాను. మావయ్య గేటు దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఎక్కవయ్యా" అంది అత్త.

"నేను చూసి పోదామని వచ్చానంతే."

"చూసే కళ్ళుంటే నువ్వే నడిపేవాడివి కదా. ఎక్కు!"

మావయ్య గొణుక్కుంటూ ఎక్కాడు. పక్క సీట్లో బిగుసుకుని కూచున్నాడు. లంగరు కూడలి వచ్చింది. అక్కడ అత్త బండి ఆపేసింది.

"ఎటు?" అంది.

"నీకు తెలీదా?" అన్నాడు మావయ్య.

"తెలీదు."

అంత పచ్చి అబద్ధం నేనెప్పుడూ వినలేదు. ఆ కూడలిలో ఎటు తిరగాలో ఆవిడ కొన్ని వేలసార్లు ఆయనకి చెప్పి ఉంటుంది. వెనకాల హారన్లు మొదలయ్యాయి. అత్త కదల్లేదు. నేను నోరు మూసుకున్నాను. నా జీవితంలో అది అరుదైన విషయం.

"ఎడమకి" అన్నాడు మావయ్య, నోట్లోనే. వెంటనే తడబడ్డాడు. "ఆగు, ఆగు. నా ఎడమ కాదు. ఇప్పుడు నడిపేది నువ్వు కదా, నీ ఎడమే చెప్పాలి." కొత్తచోట దారి అడిగే మనిషిలా అడిగాడు. "నీ ఎడమంటే ఎటే?"

"నువ్వు కూచున్న వైపు" అంది అత్త.

మావయ్య చొక్కా సర్దుకున్నాడు. సీట్లో ఇంకాస్త నిటారుగా కూచున్నాడు.

"అయితే నా వైపు తిప్పు" అన్నాడు.

అత్త తిప్పింది. తర్వాతి మలుపు దగ్గర అడక్కుండానే "ఇప్పుడు నీ వైపు" అన్నాడు. ఆ తర్వాత "మళ్ళీ నా వైపు" అన్నాడు. అత్త "గుంటొస్తోందయ్యా, నా వైపుకి లాగుతున్నా, పట్టుకో" అంది. ఆ పూట రెండు గట్లూ తిరిగి రొట్టెలన్నీ వేసొచ్చేదాకా కుడి అన్న మాట కానీ, ఎడమ అన్న మాట కానీ ఇద్దరి నోటా రాలేదు.